అట్లాంటాలో నేను చూచిన యాట

యాత్రలను గూర్చి వ్రాయువారు గుడిని గూర్చియో, నదీసంగమమును గూర్చియో వ్రాయుట వాడుక. నేను వ్రాయబూనినది కార్లు నిలుపుకొను ఒక తారునేలను గూర్చి. సోదరీమణులు నవ్వకుందురు గాక. కాశీ, రామేశ్వరములు చూచితిని. హరిద్వారమున గంగలో మునిగితిని. అయినను నా డెబ్బదిమూడవయేట, మరల నొకసారి చూచి రావలెనని మనసు పీకిన చోటు అది యొక్కటియే.

2022 వ సంవత్సరము ఏప్రిల్ నెలలో అమెరికాలోని మా అమ్మాయి యింటికి పోయితిని. ఆమె కాపురము షార్లెట్టు నగరమున. అచ్చటనుండి అట్లాంటాకు కారులో నాలుగు గంటల దారి. "అక్కడ నీకు తెలిసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు కదమ్మా" అని అమ్మాయి యనెను. ఒక గోడను చూడవలెనంటిని. పిల్ల నా ముఖము వంక చూచి, మారు మాటాడక తాళపుచెవులు తీసికొనెను.

అట్లాంటా నడిబొడ్డున జార్జియా రాష్ట్ర శాసనసభా భవనమున్నది. దాని గోపురమునకు ఆ రాష్ట్రపు దలోనెగ గనుల బంగారమును రేకుగా తాపినారు. సాయంకాలపుటెండలో అది మన గాలిగోపురపు కలశమువలె మెరయును. ఆ భవనమునకు దక్షిణముగా కొంత దూరము పోయినచో, పెద్ద రాజమార్గములు ఒకదానిమీద నొకటి దాటిపోవు తావునకు చేరువగా, విశాలమైన తారునేల. దానిపై కార్లకై గీచిన తెల్లగీతలు. అందులో నొకచోట, దేనికిని ఆనుకొనక, ఒంటరిగా నిలిచియున్న కంచెముక్క. దానిపై 715 అను అంకెయు, 1974 ఏప్రిల్ 8 అను తేదీయు నున్నవి.

"ఇదేనా?" అని అమ్మాయి యడిగెను. ఇదేయంటిని.

ఆ చోట 1965 లో తెరచిన గుండ్రని క్రీడామందిర మొకటి యుండెడిది. దానిని కట్టుటకును, ప్రక్కనే రాజమార్గములు వేయుటకును సమ్మర్‌హిల్ మొదలగు పేటలలోని నల్లవారి యిండ్లను పెక్కింటిని తొలగించిరట. కుటుంబములు చెదరిపోయిన నేలపై యేబదివేల యాసనముల మందిరము లేచినది. అదియు నిలువలేదు. 1996 ఒలింపిక్ క్రీడలలో బేస్‌బాలు పందెములు అందులో జరిగినవి. 1997 ఆగస్టు 2 వ తేదీన మందు పెట్టి దానిని కూల్చివేసిరి. జట్టువారు మొదట ప్రక్కనే యున్న క్రొత్త మందిరమునకును, 2017 లో నగరము వెలుపలికిని తరలిపోయిరి. మిగిలినది ఈ కంచెముక్క.

మేము అట్లాంటాకు పోయినది 1972 లో. మావారికి అచ్చట ఒక వైద్యశాలలో పని దొరకెను. నాకు ఇరువది మూడేండ్లు. ఇంగ్లీషు చదువ వచ్చును గాని, ఆ దక్షిణదేశపువారు సాగదీసి పలుకు మాటలు చెవికి పట్టుబడవు. ఆయన తెల్లవారక మునుపే పోయి ప్రొద్దు క్రుంకిన పిమ్మట వచ్చుచుండిరి. నాలుగు గోడలు, ఒక రేడియో, కిటికీలోనుండి కనబడు వీధి. ఆ వీధిలో నడచువారే కానరారు. తెలుగుమాట వినవలెనన్న నెలకొకసారి ఏ తెలుగువారి యింటనో భోజనమునకు పిలుపు రావలెను.

మేమున్నది రెండంతస్తుల అద్దెభవనపు మేడమీది వాటాలో. క్రింది వాటాలో ఒక నల్లజాతి వృద్ధురాలుండెను. అలబామాలో పుట్టి, ఒక పాఠశాలలో వంటపని చేసి మానుకొన్నది. ఆ దేశపు దక్షిణపువారు పెద్ద స్త్రీని 'మామ్' అందురు. అది నా చెవికి 'అమ్మ' వలెనే వినబడెను. కాబట్టి నేను తిన్నగా 'అమ్మా' యనియే పిలిచితిని. ఆమెకు అందలి భేదము తెలియదు. నాకు మాత్రము ప్రాణము లేచివచ్చినట్లుండెడిది.

వేసవి సాయంకాలములందు ఆమె వాకిట కుర్చీ వేసికొని, రేడియో పెట్టుకొని, ఒడిలో కాగితమును, చేత పెన్సిలును పట్టుకొని కూర్చుండెడిది. రేడియోలో ఒక్కొక్క బంతికి ఒక్కొక్క గుర్తు వేయుచుండును. నేను మెట్లమీద కూర్చుండి చూచుచుంటిని. ఆట నేర్పినది ఆమెయే. దానిని నాకు అర్థమైనంత చెప్పెదను. మన పల్లెలలో మగపిల్లలాడు బిళ్లంగోడు తెలియనివా రుండరు గదా. బిళ్లకు బదులు బంతి, దానిని ఎదుటివాడు విసరును. గోడుకు బదులు బ్యాటు. కొట్టినవాడు పరుగెత్తి వరుసగా మూడు మజిలీలు దాటి నాలుగవదియగు ఇంటికి తిరిగి వచ్చినచో ఒక పరుగు. బంతి కంచెకు ఆవల పడెనా, ఇక తొందరపాటు అక్కరలేదు. మజిలీలన్నిటిని తాకుచు నింపాదిగా ఇల్లు చేరవచ్చును. దీనిని హోమ్ రన్ అందురు. 'ఇంటికి పరుగు' అనుకొని నేను ఆ మాటను మొదటినుండియు ప్రేమించితిని. ఆ రోజులలో నాకు ఇంటికంటె తలపు వేరొకటి లేదు.

ఆమె రేడియో పెట్టుట ఒక్కనికొరకే. ఆయన పేరు హెన్రీ ఆరన్. జనులు హ్యాంక్ అందురు. 1934 లో అలబామాలోని మోబిలు పట్టణమున పుట్టెను. తండ్రి ఓడలు కట్టుచోట కూలి. బంతులు కొనలేక సీసామూతలను కఱ్ఱతో కొట్టి ఆట నేర్చినాడు. నల్లవారిని పెద్దజట్లలో చేర్చుకొనుట 1947 లో గాని ఆరంభము కాలేదు. ఈయన 1952 లో నల్లవారి జట్లలో ఆడి, 1954 లో మిల్వాకీ నగరపు బ్రేవ్స్ జట్టున ప్రవేశించెను. 1966 లో ఆ జట్టు అట్లాంటాకు వచ్చెను. దక్షిణమునకు వచ్చుటకు ఆయన మొదట జంకెనట. జంకక యేమి చేయును?

బేబ్ రూత్ అను తెల్ల ఆటగాడు 1935 లో ఆట మానునప్పటికి 714 హోమ్ రన్‌లు కొట్టియుండెను. ఆ సంఖ్యను ఆ దేశమువారు పూజాద్రవ్యమువలె చూచుకొనిరి. 1973 చివరకు ఆరన్ 713 వద్ద నిలిచెను. ఇంక రెండు! ఆ యేడు ఆయనకు వచ్చిన జాబులు తొమ్మిదిలక్షల ముప్పదివేలని తపాలావారే లెక్క తేల్చిరి. మేలు కోరినవి వేలకొలది యుండెను. చంపెదమన్నవియు నుండెను. విద్యాలయమున చదువుకొను కుమార్తెకు సయితము కాపలా పెట్టవలసి వచ్చెను. బంతిని కంచె దాటించుట ఇంతటి నేరమా యని నేనడిగితిని. "నీకు తెలియదమ్మా" అని మాత్రము ఆ వృద్ధురాలనెను. చలికాలమంతయు రేడియో మూగవోయి యుండెను. ఆమె రోజును పత్రికలో ఆయన పేరు వెదకి, బ్రతికియున్నాడని నిశ్చయించుకొని, పత్రిక మడిచెడిది.

1974 ఏప్రిల్ 4 వ తేదీన, ఆటల ఋతువు తెరచిన దినమున, సిన్సినాటీ నగరమున ఆయన మొదటి ఊపుతోనే 714 వ దానిని కొట్టెను. తక్కినది అట్లాంటాలో జరుగవలెనని యందరును కోరిరి. ఏప్రిల్ 8, సోమవారము రాత్రి లాస్ ఏంజెలెసు డాడ్జర్సుతో ఆట. ఆమె మేనల్లుడు రెండు టిక్కెట్లు సంపాదించి తెచ్చెను. తన కాలినొప్పికి తోడు కావలెనని నన్ను రమ్మనెను. నొప్పి నెపమేయని నాకు తెలియును.

మావారు ఒప్పుకొనరైరి. "ఈ చలిలో, అంత జనంలో! ఎవడైనా తుపాకీ పేలిస్తే?" అనిరి. "పేలిస్తే మీరు డాక్టరే కదండీ" అంటిని. అట్టి మాట ఆయనతో నేననుట అదియే మొదలు.

చీరపై ఉన్నికోటు తొడిగికొని పోయితిని. ఆ రాత్రి లెక్కకు వచ్చిన ప్రేక్షకులు 53,775 మంది. మాకు దొరకినవి పైయంతస్తులో, ఎడమవైపు కంచె ఎదురుగా కనబడు ఆసనములు. పెర్ల్ బెయిలీ అను ప్రసిద్ధ గాయని జాతీయగీతము పాడెను. గవర్నరుగా నున్న జిమ్మీ కార్టరు వచ్చియుండెను. ఈయనయే తరువాత దేశాధ్యక్షుడయ్యెను. 715 అంకె వేసిన కారు పలక నొకదానిని ఆరన్‌కు కానుకగా నిచ్చెను. కొట్టకుండగనే కానుకలు సిద్ధము చేయుట, పెండ్లి కుదరకుండగనే శుభలేఖలు అచ్చువేసినట్లు నాకు తోచెను. ఆరన్ తల్లిదండ్రులు ఇరువురును వచ్చిరి. మా వృద్ధురాలు వారిని చూపి, "ఆమె నాలుగురోజులుగా నిద్రపోయి యుండదు" అనెను.

రెండవ ఇన్నింగ్సులో ఆరన్ వచ్చెను. డాడ్జర్సు పక్షమున బంతి విసరువాడు ఆల్ డౌనింగు, ఆయనయు నల్లవాడే. ఆయన చొక్కాపై అంకెయు ఆరన్‌దే, 44. ఆరన్ బ్యాటు ఊపనే లేదు. కొట్టదగని బంతులు నాలుగు పడుటచే నియమప్రకారము నడచి మొదటి మజిలీకి పోయెను. జనులు కేకలు వేసి విసరువానిని నిందించిరి. తరువాతివాని దెబ్బకు ఆరన్ ఇల్లు చేరెను. ఆ పరుగుతో నేషనల్ లీగులో మొత్తము పరుగుల లెక్కయందు ఆయన అందరిని మించెనని ఆమె చెప్పెను. దానికి చప్పట్లు కొట్టినవారు స్వల్పము. జనులు వేఱొకదానికై వచ్చిరి.

నాలుగవ ఇన్నింగ్సు నాటికి డాడ్జర్సు 3, బ్రేవ్స్ 1. డారెల్ ఇవాన్సు అనువాడు ఎదుటిపక్షపు పొరపాటువలన మొదటి మజిలీలో నిలిచెను. ఆరన్ వచ్చెను. మొదటి బంతి నేలకు తగిలెను. రెండవ బంతికి ఆయన బ్యాటు ఊపెను. ఆ రాత్రి ఆయన బ్యాటు ఊపుట అదియే మొదటిసారి.

దూరము వలన ముందు చూచితిమి, చప్పుడు పిదప వింటిమి. బంతి ఎడమవైపు లేచెను. డాడ్జర్సు ఆటగాడు బక్నరు కంచెమీదికి ఎగబ్రాకి చేయి చాచెను, అందలేదు. కంచెకావల బ్రేవ్స్ వారు అభ్యాసము చేయుచోట, టామ్ హౌస్ అను వారి జట్టువాడే దానిని పట్టుకొనెను. అప్పుడు తొమ్మిది గంటల ఏడు నిమిషములు.

అందరును లేచిరి. నేనును లేచి యరచితిని. ఏమని యరచితినో తెలియదు, తెలుగుననే యై యుండును. ప్రక్కకు చూతునుగదా, మా వృద్ధురాలు లేవలేదు. రెండు చేతులతో నా చేతిని పట్టుకొని, మైదానమును రెప్పవేయక చూచుచున్నది. ఆరన్ మొదటి మజిలీ దాటెను. ఎదుటిపక్షమువారు సయితము చేయి కలిపిరి. ఆయన రెండవ మజిలీ దాటుచుండగా తెల్లకుర్రవాండ్రిద్దరు ప్రేక్షకులలోనుండి దూకి ఆయన వెంబడి పరుగెత్తిరి.

ఆమె వ్రేళ్లు నా చేతిలో గ్రుచ్చుకొనిపోయెను. ఒక్క నిమిషమైన కాలేదు. నాకు మాత్రము అది యొక జాము. ఆయనకు రక్షకుడుగా నియమించిన పోలీసువాడు దుర్భిణి సంచిలో తుపాకి దాచుకొని ప్రేక్షకుల నడుమనే కూర్చుండెనని తరువాత పత్రికలలో చదివితిమి. అతడు ఆ కుర్రవాండ్రను చూచి, కాల్చుటయా మానుటయా యని తలపోసి, మానెనట. వారు చేసినదెల్ల ఆరన్ భుజము తట్టి ప్రక్కకు తొలగుటయే. ఆకసమున బాణసంచా ప్రేలెను. ఇంటి మజిలీ వద్ద జట్టువారందరును మూగిరి. ఆ గుంపును చీల్చుకొని ఒక ముసలితల్లి వచ్చి కొడుకును కౌగిలించుకొనెను.

ఎంతసేపటికిని విడువలేదు. ఆనందముచేత విడువలేదని మేమందరమును అనుకొంటిమి. ఆ ప్రేలుళ్లను తుపాకి మ్రోతలుగా భ్రమపడి, కొట్టదలచినవారు మొదట నన్నే కొట్టవలెనని అడ్డుపడితినని ఆమె తరువాత చెప్పెనట. ఆమె పేరు ఎస్టెల్లా. 2008 లో పరమపదించెను. ఆరన్ జనులకు చెప్పిన మొదటి మాట, ఇది ముగిసినందుకు దేవునికి కృతజ్ఞుడననియే. గెలిచినవాని మాటవలె నాకది తోచలేదు. జ్వరము విడిచినవాని మాటవలె నుండెను.

మా వృద్ధురాలు అప్పుడు నా చేయి విడిచి, ముఖము తుడుచుకొని, కాగితమును చూచెను. అంతవఱకు ప్రతి గడియు నిండియుండెను. ఆ గడి మాత్రము ఖాళీ. పెన్సిలు నా చేతికిచ్చి, "నా చేయి వణకుచున్నది, నీవు వేయుము" అనెను. నలుపలకలగడి నాలుగు ప్రక్కలను గీచి, నడుమ నలుపు నింపితిని.

కొంతసేపు ఆట ఆపి మరల ఆరంభించిరి. జనులు లేచి పోజొచ్చిరి. వచ్చిన పని అయినది గదా! ఆమె కదలలేదు. "మూడు మూడుగా నున్నది. ఆట ముగియలేదు" అనెను. చలిలో, సగము ఖాళీయైన ఆసనముల నడుమ, తొమ్మిదవ ఇన్నింగ్సు వఱకు కూర్చుంటిమి. బ్రేవ్స్ 7, డాడ్జర్సు 4. ఏడాదికి 162 ఆటలాడు ఆ పోటీలలో ఏప్రిల్ నెలలోని గెలుపున కెవరును విలువ కట్టరు. అక్టోబరు నాటికి అది లెక్కలో ఒక గీత. 715 వ దెబ్బ ఎరిగినవారిలో కూడ ఆ రాత్రి గెలిచిన దెవరో చెప్పగలవారు కొందరే. ఆమె మాత్రము చివరి గుర్తు వేసి, కాగితము మడిచి, చేతిసంచిలో పెట్టుకొని, "గెలిచితిమి" అనెను. 'మనము' అని యర్థము వచ్చునట్లు నా వైపు చూచి యనెను. ఆ దేశమున నన్ను కలుపుకొని యెవరైనను మాటాడుట నాకు జ్ఞాపకమున్నంతలో అదియే మొదలు.

ఇల్లు చేరునప్పటికి అర్ధరాత్రి. ఆమె మా యింట కొంతసేపు కూర్చుండెను. ఫిల్టరులో డికాక్షను వేసి కాఫీ కలిపియిచ్చితిని. మావారు నిద్రలేచి వచ్చి గెలుపోటములడిగి, తెలిసికొని, "బాగు బాగు" అని మరల పోయి పండుకొనిరి.

మేము 1979 లో రాజమహేంద్రవరమునకు తిరిగివచ్చితిమి. 1985 లో ఆమె పోయినట్లు మేనల్లుడు క్రిస్మసు కార్డుపై వ్రాసెను. 1991 లో ఆరన్ తన స్వీయచరిత్రమును ప్రకటింపగా మా మరిది నాకొక ప్రతిని పంపెను. అందు 1952 నాటి సంగతి యొకటి యున్నది. వాషింగ్టను నగరమున వర్షము కురిసిన యొకనాడు నల్లజట్టువారు ఆటస్థలమునకు చేరువనున్న హోటలులో ఫలహారము చేసిరట. వారు తిని లేచిన పిమ్మట వంటయింటినుండి పళ్లెములు పగులగొట్టు చప్పుడు వినబడెనట. నల్లవారు తిన్న పళ్లెములవి. కుక్కలు తిన్నచో కడిగియుందురు గదా యని ఆయన వ్రాసినాడు.

ఆ పుట నేను దాటలేకపోతిని. కోనసీమలో మా అమ్మమ్మగారి యింట పెరటి చూరున ఒక సత్తు గ్లాసు దోపియుండెడిది. పాలేరు వచ్చినప్పుడు తానే తీసికొని, పైనుండి పోసిన మజ్జిగ త్రాగి, తానే కడిగి, మరల చూరున దోపి పోవుచుండెను. మావారు పళ్లెములు పగులగొట్టలేదు. మన ఇండ్లలో అంతటి దుబారా లేదు. చిన్ననాడు నేను దానిని చూచి ఏమియు ననుకొనలేదు. పూలసజ్జ యొకచోట, సత్తు గ్లాసొకచోట.

1972 లో మా వృద్ధురాలు మొదటిసారి మా యింటికి వచ్చినప్పుడు ఆమెకు కాఫీ కాగితపు గ్లాసులో ఇచ్చితిని. నేను నా స్టీలు గ్లాసులో త్రాగితిని. ఎవరును నాకు చెప్పలేదు. చేయి తానే పోయి ఆ కాగితపు గ్లాసును తీసెను. ఆమె ఏమియు ననలేదు. త్రాగి, గ్లాసును నలిపి, తానే చెత్తబుట్టలో వేసెను. ఆ పుట చదివిన నాటివఱకు ఆ సంగతి నాకు జ్ఞప్తికైన రాలేదు.

ఆరన్ 1976 లో ఆట మానునప్పటికి 755 హోమ్ రన్‌లు కొట్టెను. 2007 లో ఆ లెక్కను బ్యారీ బాండ్సు దాటెను. 2021 జనవరి 22 వ తేదీన ఆరన్ మరణించెను. శవయాత్రను ఈ తారునేల మీదుగా త్రిప్పి, సౌత్‌వ్యూ శ్మశానమునకు కొనిపోయిరి. అది 1886 లో నల్లవారు తమకై తామే ఏర్పరచుకొన్న తోట. అమ్మాయియు నేనును అక్కడికిని పోయితిమి. చెట్లు పెద్దవి, చల్లగా నున్నది.

కాని ఎక్కువసేపు నిలిచినది ఆ కంచె వద్దనే. బ్యాటు పట్టిన చోటినుండి బంతి ఇంత దూరము వచ్చెనా యని అమ్మాయి ఆశ్చర్యపడెను. నేను ఆటనంతయు వరుసగా చెప్పితిని: నేలకు తగిలిన మొదటి బంతి, బక్నరు చాచిన చేయి, తొమ్మిది గంటల ఏడు నిమిషములు, ఖాళీ గడి, ఏడుకు నాలుగు. ఏబది యేండ్లు కావచ్చుచున్నను ఇన్ని అంకెలు ఎట్లు గుర్తున్నవని అది నవ్వెను. ఆ రాత్రి మా యింట ఆమెకు కాఫీ దేనిలో ఇచ్చితినో అది మాత్రము, ఆ కంచెపై చేయి వేసి ఎంతసేపు తలచుకొన్నను, నాకు జ్ఞప్తికి రాలేదు.